రెండుసార్లు చచ్చిన మాంత్రికుడు

ఇందుకూరుపేటలో హజరత్తయ్యకు మూడెకరాల మాగాణి, ఒక జత ఎద్దులు, ఒక సైకిలు, సినిమాల మీద తిరుగులేని అభిప్రాయాలు ఉండేవి. మాగాణిలో మొలగొలుకుల వడ్లు పండేవి. అభిప్రాయాలు మాత్రం కాలువలో నీళ్ళు వచ్చినా రాకపోయినా ఏడాది పొడుగునా పండేవి. ఈ మాట అన్నది ఇంకెవరో కాదు, హజరత్తయ్యే. తన మీద తాను వేసుకున్నన్ని జోకులు ఊళ్ళో మరెవరూ అతని మీద వేసి ఎరగరు. అయితే ఆ గుణం అతనికి పుట్టుకతో రాలేదు. అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో, గ్రంథాలయం ముందు, ఊరంతా చూస్తుండగా వచ్చింది.

అంతకుముందు అతను చాలా గంభీరమైన మనిషి.

ఆ గాంభీర్యానికి కారణం ఉదయకేతుడు. యాభై ఎనిమిదిలో మైపాడు పోయే దారిలో ఒక టూరింగ్ టాకీసు వాళ్ళు డేరా వేశారు. అందులో ఆడిన కత్తియుద్ధాల సినిమాలో కథానాయకుడి పేరు ఉదయకేతుడు. అప్పటికి హజరత్తయ్యకు పెళ్ళై ఆర్నెల్లు. బామ్మర్ది మస్తానయ్య అక్క ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, డేరా ఎత్తేసేదాకా కదల్లేదు. బావా బామ్మర్దులిద్దరూ ఇసకలో కూర్చుని ఆ సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. ఉదయకేతుడు ముసలితల్లికి మొక్కి తెల్లగుర్రం మీద బయల్దేరతాడు. వెంట ఆకలి తప్ప మరో ధ్యాస లేని ఒక బొద్దు స్నేహితుడు ఉంటాడు. కోటలో మాంత్రికుడు, ఆ మాంత్రికుడి చెరలో రాకుమారి. ఇంతవరకూ అన్ని సినిమాల్లోనూ ఉండేదే. కానీ ఇందులో ఒక వింత ఉంది. ఉదయకేతుడు మాంత్రికుణ్ణి చంపుతాడు. మాంత్రికుడు అరుస్తూ బురుజు మీదినుంచి పడిపోతాడు. మరుక్షణమే చూస్తే అదే మాంత్రికుడు సింహాసనం మీద కూర్చుని పకపకా నవ్వుతుంటాడు, ఉదయకేతుడు సంకెళ్ళలో ఉంటాడు. ఎలా లేచాడో ఎవరూ చెప్పరు. కాసేపటికి రాకుమారి సంకెళ్ళు విప్పుతుంది. ఆ వెంటనే పెళ్ళి, శుభం. మాంత్రికుడు ఏమయ్యాడో మళ్ళీ ఎవరూ చెప్పరు.

డేరాలో జనం ఇదేమిటని గోల చేశారు. హజరత్తయ్యకు మాత్రం అర్థం తోచింది. మాంత్రికుడికి రెండు ప్రాణాలు. ఒకటి ఒంట్లో ఉంది, రెండోది అహంకారంలో ఉంది. ఒంట్లో ప్రాణాన్ని ఉదయకేతుడు కత్తితో తీశాడు. రెండో ప్రాణం, పెళ్ళిమేళం చెవిన పడగానే సిగ్గుతో దానంతట అదే పోయింది. అందుకే రెండో చావు తెర మీద చూపించలేదు, సిగ్గుతో చచ్చేవాణ్ణి చూపించడం మర్యాద కాదు గనక. ఈ వ్యాఖ్యానం విని మైపాడు పాళెం వాళ్ళు కూడా తలలూపారు. వలలు బాగుచేసుకుంటూ, గంపలు మోసుకుంటూ ఆ మాట పది ఊళ్ళకు మోశారు. అప్పటినుంచి సినిమాల సంగతి ఏది వచ్చినా "హజరత్తన్నను అడగండి" అనడం మామూలైపోయింది. మనిషి పాడైపోవడానికి అంతకన్నా ఏం కావాలి అనేవాడు అతనే, తరవాత్తరవాత.

మస్తానయ్య ఆ తర్వాత మద్రాసు పోయి సరుకుల ఓడలో వంటపనిలో చేరాడు. సింగపూరు, పినాంగు అంటూ తిరిగి, అరవై ఆరు మే నెలలో రెండు నెలల సెలవు మీద అక్క ఇంటికి వచ్చాడు. అక్క ప్రమీలమ్మకు ఒక చీర, హజరత్తయ్య తల్లి ఆదిశేషమ్మకు నొప్పుల నూనె, బావకు ఒక వార్త తెచ్చాడు.

"సింగపూర్లో టెలివిజను అని ఒక పెట్టె ఉంది బావా. సినిమా ఆ పెట్టెలోకే వస్తాది. టికెట్టు లేదు, డేరా లేదు."

"పెట్టెలోకి ఎట్టా దూరుతాదిరా?"

"అదే నాకూ తెలవదు. గాల్లో వస్తాదంట. ఆ పెట్టెలో ఒక కథ వస్తాది, వారానికి ఒకటి. డోలన్ అని ఒక కెప్టెను. ఆకాశంలో ఓడ నడుపుతాడు. ఈ చుక్కనించి ఆ చుక్కకు పోతా ఉంటాడు."

ఆ పూట భోజనాలు ఆలస్యమయ్యాయి. మస్తానయ్య చెబుతుంటే హజరత్తయ్య కంచంలో చెయ్యి ఆరిపోయింది. డోలన్ ఆకాశపు ఓడ తెల్లగా ఉంటుంది. ఈల వేస్తే దిగి వస్తుంది. వెంట ఒక బొద్దు మెకానిక్కు, వాడికి ఎప్పుడూ ఆకలే. నల్లచుక్కలో యంత్రాల రాజు ఒకడున్నాడు, వాడి చెరలో ఒక దొరసాని. డోలన్ చేతిలో కత్తి లేదు, వెలుగు చిమ్మే గొట్టం ఉంది.

"ఆగరా, ఆగు," అన్నాడు హజరత్తయ్య. "తెల్లగుర్రానికి తెల్ల ఓడ. కత్తికి గొట్టం. మాంత్రికుడికి యంత్రాల రాజు. ఇది మన ఉదయకేతుడే గదరా!"

మస్తానయ్య మంచినీళ్ళు తాగి, "అట్టాగే ఉంది బావా," అన్నాడు.

"డోలన్ను ఖైదు చేస్తారా?"

"చేస్తారు. దొరసానే విడిపిస్తాది."

"ఆ యంత్రాల రాజు చస్తాడా?"

"చస్తాడు. డోలన్ గొట్టంతో కాలిస్తే మంటల్లో పడి చస్తాడు. మళ్ళా చూస్తే కుర్చీలో కూర్చుని నవ్వతా ఉంటాడు. డోలన్ సంకెళ్ళలో ఉంటాడు."

హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. "ఎట్టా లేచినాడో చెప్పినారా?"

"చెప్పరు బావా. ఆడ అంతే."

ప్రపంచంలో ఎక్కడో సముద్రాల అవతల, తెల్లదొరలు కూడా మాంత్రికుడికి రెండు ప్రాణాలుంటాయని కనిపెట్టారు. అయితే ఎనిమిదేళ్ళు ఆలస్యంగా కనిపెట్టారు. ముందు కనిపెట్టింది ఇందుకూరుపేటలో. హజరత్తయ్యకు ఆ రోజు గంజి పోసి పాయసమన్నా నమ్మేవాడు.

గ్రంథాలయం కార్యదర్శి రంగనాయకులుగారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. నెలకొక సభ పెట్టేవారు. అంతకుముందు నెల ఎరువుల మీద ఒకాయన మాట్లాడితే తొమ్మిదిమంది వచ్చారు, అందులో సగం మంది ఎండకు తాళలేక నీడకు వచ్చినవాళ్ళు. కాబట్టి హజరత్తయ్య వెళ్ళి "మన కథానాయకుడికీ టెలివిజను నాయకుడికీ పోలికల గురించి మాట్లాడతాను సార్" అనేసరికి ఆయన కాదనలేకపోయారు.

"నువ్వు టెలివిజను చూసినావా అబ్బయా?"

"మా మస్తాను చూసినాడు సార్. నేను ఆలోచించినాను."

రంగనాయకులుగారు కొంచెంసేపు అతని మొహంలోకి చూసి, ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక పెట్టుకుందామన్నారు.

ఆ వారమంతా హజరత్తయ్య పొలంలో ఎద్దులకు ఉపన్యాసం వినిపించాడు. ఇంట్లో అద్దం ముందు నిలబడి చేతులు ఊపాడు. తెల్లవాళ్ళు మన కథను ఎత్తుకుపోయారని ఒక రోజు అనుకున్నాడు. మర్నాడు పెద్దమనసు చేసుకుని, గొప్పవాళ్ళ ఆలోచనలు ఎక్కడున్నా ఒకేలా ఉంటాయని తేల్చాడు. ఆ గొప్పవాళ్ళలో తనూ ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు.

శనివారం ప్రమీలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "ఇదిగో, రేపు అన్నీ చెప్పు గానీ, ఆ మాంత్రికుడు చచ్చి లేచిన సంగతి మాత్రం చెప్పబాకయ్యా," అంది.

"అదే గదా అసలు సంగతి! ఎందుకు చెప్పకూడదు?"

"ఎందుకంటే... నెల్లూర్లో మా మేనత్త..."

"మీ మేనత్తకు మాంత్రికుల సంగతి ఏం తెలుసు? గమ్మునుండు."

ప్రమీలమ్మ గమ్మునుండిపోయింది. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో అది తను చేసిన అతి పెద్ద పొరపాటని హజరత్తయ్య ఒప్పుకునేవాడు. గమ్మునుండమనడం కాదు, ఆమె నిజంగానే గమ్మునుండిపోతే ఎందుకని అడక్కపోవడం.

ఆదివారం సాయంత్రానికి గ్రంథాలయం ముందు ఇసక వేస్తే రాలనంత జనం. ఇందుకూరుపేటే కాదు, మైపాడు పాళెం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ఇంతమంది తన మాటల కోసం వచ్చారా అని హజరత్తయ్య గుండె పొంగింది. ఇస్త్రీ చొక్కా సర్దుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద పంచాయతీ రేడియో ఉంది, దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు.

అతను నోరు తెరిచేలోపే గురవమ్మ లేచింది. మైపాడు నుంచి గంపతో చేపలు తెచ్చి ఊరంతా అమ్మే మనిషి, గొంతు నాలుగు వీధులకు వినిపిస్తుంది. "అన్నా, ముందు ఆ గుడ్డ తియ్యి. పిలకాయలు పొద్దు పొయ్యేదాకా ఉండలేరు."

"గుడ్డ ఎందుకమ్మా?"

"పెట్టెలో సినిమా చూపిస్తావంట గదా?"

అప్పుడు తెలిసింది హజరత్తయ్యకు. జనం వచ్చింది తన కోసం కాదు, రేడియో కోసం. టెలివిజను సంగతి ఊళ్ళు దాటేసరికి, మస్తానయ్య దాన్ని వెంట తెచ్చినట్టు, బావ దాన్ని ఆదివారం ఊరికి చూపించబోతున్నట్టు అయిపోయింది. రంగనాయకులుగారు లేచి గుడ్డ తీసి, అది రేడియో అని చూపించారు. మైపాడు బండ్ల దగ్గర నలుగురు అప్పుడే ఎద్దులు కట్టడం మొదలుపెట్టారు.

"కూర్చోండి, కూర్చోండి! పెట్టె లేకపోతే ఏం? అందులో కథ నా దగ్గర ఉంది!" అని అరిచాడు హజరత్తయ్య. కథ అనేసరికి పోయేవాళ్ళు ఆగారు.

మొదట్లో బాగానే సాగింది. డోలన్ అనే పేరు జనం నోట్లో పడగానే డోలన్న అయింది. డోలన్న ఓడ ఎక్కడాన్ని, ఉదయకేతుడు గుర్రం ఎక్కడాన్ని హజరత్తయ్య పక్కపక్కనే చేసి చూపించాడు. రెండూ ఒకేలా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. అవి ఒకేలా ఎందుకున్నాయంటే, అతనికి ఎక్కడం వచ్చింది ఒక్క సైకిలే గనక. బొద్దు స్నేహితుడి ఆకలి చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు. రాకుమారి గురించి చెప్పినప్పుడు పెద్దవాళ్ళు గొంతు సవరించుకున్నారు. ఆఖరికి అతను రెండు చేతులూ పైకెత్తాడు.

"ఇవన్నీ ఒకెత్తు. ఇప్పుడు చెప్పబోయేది ఒకెత్తు. మన మాంత్రికుడు చచ్చి లేచినాడా లేదా?"

"లేచినాడు!" అన్నారు డేరాలో చూసినవాళ్ళంతా.

"అట్టాగే, అచ్చం అట్టాగే, ఆడ యంత్రాల రాజు కూడా చచ్చి లేచినాడు! ఈడ ఉదయకేతుడు సంకెళ్ళలో, ఆడ డోలన్న సంకెళ్ళలో! దీనికేమంటారు?"

కుర్చీలో కునుకుతున్న రంగనాయకులుగారు కళ్ళు తెరిచారు. "అదేంది హజరత్తయ్యా, ఆ సినిమా నేను నెల్లూర్లో చూసినాను గదా. మాంత్రికుడు ఒక్కసారే చచ్చినాడే?"

"లేదు సార్, రెండుసార్లు."

"ఒక్కసారేనబ్బా. నాకు బాగా గుర్తు. చచ్చినాడు, పెళ్ళయింది, ఇంటికొచ్చినాం."

"ఏంది సామీ, మేం కళ్ళారా చూసినాం," అని గురవమ్మ లేచింది. "చచ్చినోడు లేచి నవ్వతా ఉంటే మా ఆయన జడుసుకుని జొరం తెచ్చుకున్నాడు."

సభ రెండుగా చీలింది. నెల్లూరులో చూసినవాళ్ళు ఒక పక్షం, డేరాలో చూసినవాళ్ళు ఒక పక్షం. మాంత్రికుడు ఎన్నిసార్లు చచ్చాడనే దాని మీద ఆడవాళ్ళవైపు కూడా గొంతులు లేచాయి. ఒకాయన భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాడు. ఇక కొట్టుకుంటారనుకునేసరికి ప్రమీలమ్మ లేచి నిలబడింది.

ఆమె ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తిన మనిషి కాదు. అందుకే అందరూ ఊరుకున్నారు.

"ఇద్దరూ చెప్పేది నిజమే," అంది. "నెల్లూర్లో మా మేనత్తతో నేనూ చూసినా, పెళ్ళికి ముందు. ఆడ ముందు ఖైదు, ఆ తరవాత చావు, ఆ తరవాత పెళ్ళి. ఈడ డేరావోళ్ళు రీళ్ళు తారుమారు చేసి చావు ముందు వేసినారు, ఖైదు తరవాత వేసినారు. అంతే."

నడుముకు చుట్టుకున్న కండువా మళ్ళీ భుజం మీదికి ఎక్కింది.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు హజరత్తయ్య.

"కొత్త కాపరం. రెండో ప్రాణం అని నువ్వు అంత సంబరంగా చెప్తా ఉంటే నాకు నోరెట్టా వస్తాది? తరవాత చెప్దామంటే అప్పటికి నలుగురూ నిన్ను అడగడం మొదలుపెట్టినారు."

జనం నవ్వారు. హజరత్తయ్య చెవులు కాలిపోయాయి. ఎనిమిదేళ్ళుగా తను చెప్పుకొచ్చిన వేదాంతమంతా ఎవడో కుర్రాడు చీకట్లో ఒక డబ్బాకు బదులు ఇంకో డబ్బా తెరవడం వల్ల పుట్టింది. సరే, అదీ దిగమింగుకోవచ్చు. కానీ దాని వెనకాలే ఇంకో ఆలోచన మెల్లగా బయల్దేరింది. మైపాడు దారిలో డేరావాడు రీళ్ళు తప్పు వేస్తే, ఆ తప్పు సింగపూరు టెలివిజను పెట్టెలోకి ఎలా పోయింది?

అతను తల తిప్పి బామ్మర్దివైపు చూశాడు. రంగనాయకులుగారు చూశారు. గురవమ్మ చూసింది. అరుగు చివర కూర్చున్న మస్తానయ్య కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తున్నాడు.

"ఒరే మస్తానూ."

"బావా."

"టెలివిజను చూసినావా లేదా?"

"చూసినా బావా, అమ్మతోడు. ఒక అంగట్లో అద్దం వెనకాల ఉన్నింది. జనం ఎనక నిలబడి చూసినా. మాట వినపళ్ళా. బిగుతు చొక్కా దొర ఒకడు ఉండాడు, ఎనకాల చుక్కలు ఉండాయి. డోలన్ అని పక్కనోడు చెప్పినాడు. ఇంతలో వాన వచ్చింది. అంగడాయన తలుపు దించేసినాడు."

"మరి తెల్ల ఓడ? దొరసాని? సంకెళ్ళు?"

మస్తానయ్య తలెత్తలేదు. "ఓడ మీద నేను ఉల్లిగడ్డలు కోస్తా బావా. ఏ రేవులో ఆగినా వంటగది కిటికీలోనించి కనపడేది గోడౌను గోడే. ఇంటికొస్తే అందరూ ఏం చూసినావు, ఏం చూసినావు అంటారు. ఉల్లిగడ్డలని చెప్పేదెట్టా? నాకు వచ్చిన కథ ఒకటే, డేరాలో నీ పక్కన కూర్చుని చూసింది. ఆ చొక్కా దొరకు అది తగిలించినా. నువ్వేమో అది ఇదేనా, ఇది అదేనా అని అడగతా ఉంటివి. నేను ఔనంటా పోయినా."

హజరత్తయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. వారం రోజులు ఎద్దుల్ని చంపుకుతిని తయారుచేసిన ఉపన్యాసం ఇది. ఉదయకేతుడికీ ఉదయకేతుడికీ ఉన్న పోలికలు ఊరందరికీ నిరూపించాడు తను. ఒకే మనిషిని రెండు చొక్కాల్లో చూసి, ఆహా ఎంత పోలిక అని మురిసిపోయాడు. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాడు. కోపం బయల్దేరింది కూడా. కానీ బామ్మర్ది వంచిన తల, నేల మీద గీతలు, ఉల్లిగడ్డల వాసన పోని ఆ వేళ్ళు చూసేసరికి ఎక్కడో దారి తప్పింది. దాని బదులు కడుపులోంచి ఒక నవ్వు లేచింది. ఆపుకుందామని చూశాడు గానీ ముక్కులోంచి వచ్చేసింది.

"సార్," అన్నాడు రంగనాయకులుగారితో, కళ్ళు తుడుచుకుంటూ, "నా ఉపన్యాసం అయిపోయింది. మొదలవకముందే అయిపోయింది."

ఆయన కూడా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు అరుగు దాటి, ఇసక దాటి, బండ్లదాకా పాకింది. సభ అంతటితో ముగిసేదే. కానీ గురవమ్మ ఇంకా నిలబడే ఉంది.

"అంతా బాగుంది గానీ," అంది, "డోలన్న సంకెళ్ళల్లోనే ఉండాడు గదా? ఎట్టా బయటపడ్డాడు?"

"ఇందాకటినుంచీ చెప్పేది అదే గదమ్మా. డోలన్న లేడు, వీడు కల్పించినాడు," అన్నాడు హజరత్తయ్య.

"కల్పిస్తే కల్పించినాడులే. సంకెళ్ళల్లో వదిలేసి పోతారా ఏంది పాపం? నేను బండి బాడిగిచ్చి వచ్చినా."

మైపాడు వాళ్ళంతా ఔనౌనన్నారు. ఇందుకూరుపేట వాళ్ళు కూడా లేవడం లేదు. హజరత్తయ్య ఒకసారి జనాన్ని చూసి, ఒకసారి బామ్మర్దిని చూశాడు.

"లేచి రారా మస్తానూ," అన్నాడు. "కట్టేసింది నువ్వే, విప్పేది కూడా నువ్వే."

మస్తానయ్య బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సినిమాలోలాగా దొరసానే విప్పిందందామంటే అది పాత కథేనని అందరికీ తెలిసిపోయింది, సొంతంగా ఏమీ తోచదు. అప్పుడు ఆడవాళ్ళ ముందు వరసలోంచి ఆదిశేషమ్మ అడిగింది. చెవులు సరిగ్గా వినపడక ఆమెకు పోట్లాట సంగతి ఏమీ తెలియలేదు. "నాయనా, ఆ బిడ్డకు అమ్మ లేదా? ఉదయకేతుడికి ఉన్నింది గదా?"

పోలికల్లో తల్లి ఒక్కటే కుదరలేదని హజరత్తయ్య వారమంతా బాధపడ్డాడు. ఇప్పుడు అతను బల్ల మీద చెయ్యి చరిచాడు. "ఉందమ్మా! ఖైదులో అన్నం మోసే ముసలామె ఉంది చూడు..."

"ఆ..." అన్నాడు మస్తానయ్య, మొహం వెలిగిపోతూ, "ఆమే! డోలన్న చిన్నప్పుడే యంత్రాల రాజు ఎత్తుకుపోయినాడు గదా బావా ఆమెను!"

"ఎత్తుకుపోయినాడు. ఇరవై ఏళ్ళు గొడ్డుచాకిరీ చేయించినాడు. ఆ పొద్దు ఆమె ముంతలో ఏం తెచ్చింది?"

"పులుసు!"

"ఏం పులుసు?"

"బొమ్మిడాయల పులుసు!" అని మైపాడు వైపునుంచి ఎవరో అరిచారు.

డోలన్న ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ రుచి గుర్తుపట్టి "అమ్మా" అన్నాడు. అక్కడ కొంతమంది ఆడవాళ్ళు నిజంగానే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. చింతపండు పులుపుకు సంకెళ్ళ చిలుం కరిగిందని ఒకరన్నారు. అలా కాదు, ముంత అడుగున తాళంచెవి ఉందని ఇంకొకరన్నారు. తాళంచెవే బాగుందని రంగనాయకులుగారు తీర్పు చెప్పారు. పొద్దు గుంకేవేళకు డోలన్న తల్లిని, దొరసానిని, బొద్దు మెకానిక్కును ఓడ ఎక్కించుకుని నల్లచుక్క దాటాడు. యంత్రాల రాజు ఈసారి ఒక్కసారే చచ్చాడు, అదీ అందరి ఒప్పుదలతో.

ఇంటికి పోయే దారిలో హజరత్తయ్య భార్య పక్కన నడిచాడు. "నన్ను పదిమందిలో పిచ్చోణ్ణి చేస్తివి గదే," అన్నాడు.

"నేను చేసిందేముంది?" అంది ప్రమీలమ్మ. నాలుగడుగులు వేశాక, "రెండో ప్రాణం సంగతి మాత్రం బాగుంటాది. అహంకారంలో ఉంటాదని చెప్తావే, అది. నాకు అప్పట్లో బలే నచ్చేది," అంది.

మస్తానయ్య ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం గ్రంథాలయం ముందు డోలన్న కథ సాగింది. బామ్మర్ది చెబుతుంటే బావ చేసి చూపించేవాడు. ఒకసారి ఆకాశపు ఓడలోంచి దూకుతున్నానని బల్ల మీదినుంచి దూకి చీలమండ బెణికించుకున్నాడు. ఆ కుంటి కాలితోనే డోలన్నను నాలుగు వారాలు కుంటించాడు. జనం దానికీ ఏదో కారణం చెప్పుకున్నారు. ఎరువులాయన మళ్ళీ వచ్చినప్పుడు, కథకు ముందు ఆయన్ను మాట్లాడించి రంగనాయకులుగారు ముచ్చట తీర్చుకున్నారు.

సెలవు అయిపోయి మస్తానయ్య ఓడ ఎక్కాడు. మళ్ళీ మరుసటి ఏడు వచ్చాడు. బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే బావను పక్కకు పిలిచాడు.

"ఈసారి నిజంగా చూసినా బావా. ఓడ పనోళ్ళ హాస్టల్లో పెట్టె పెట్టినారు. మొత్తం చూసినా, మాటలతో. పక్కన ఒక తమిళాయన అర్థం చెప్పినాడు."

"డోలన్న ఎట్టా ఉండాడురా?" హజరత్తయ్య గొంతు తగ్గించాడు, ఊరి చుట్టం ఆరోగ్యం అడిగినట్టు.

"కుర్చీలో కూర్చుంటాడు బావా. లేవడు. ఏం చేద్దాం, ఏం చేద్దాం అని అందరినీ అడగతా ఉంటాడు. ఆ తరవాత ఒక మీట నొక్కమంటాడు. కథ అయిపోతాది."

"గుర్రం... ఓడ ఈల వేస్తే రాదా?"

"ఓడలోనే ఉంటే ఈల ఎందుకు?"

"దొరసాని?"

"ఒకామె ఉంది. టైపు కొడతాది."

"అమ్మ?"

మస్తానయ్య అడ్డంగా తలూపాడు. హజరత్తయ్య మంచం మీద కూలబడ్డాడు. "ఒక్కటి కూడా పోలిక లేదా?"

మస్తానయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఒకటుంది బావా. ఓడ తలకిందులైనా, నిప్పంటుకున్నా, వాడి జుట్టు ఒక్క వెంట్రుక కూడా చెదరదు. ఉదయకేతుడిది కూడా అంతే గదా, మాంత్రికుడితో అంత కొట్లాటలోనూ?"

హజరత్తయ్య బామ్మర్ది మొహంలోకి చూశాడు. తర్వాత తన బట్టతల మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆగకపోతే ప్రమీలమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి, ఏమైందని అడిగింది. చెబితే ఆమె కూడా గడపలో కూర్చుని నవ్వింది.

"ఒకటి మాత్రం మరిచిపోయినా," అన్నాడు మస్తానయ్య. "అసలోడికి మీసం లేదు. మనం పోయినేడు పెట్టినాం గదా, గురవమ్మ అడిగిందని."

ఆ ఆదివారం లోపల డోలన్న మీసం తీసెయ్యాలా వద్దా అని బావా బామ్మర్దులు రెండు రోజులు వాదించుకున్నారు. మస్తానయ్య కళ్ళారా చూసినవాడు గనక, నిజం నిజమే గదా అన్నాడు. మీసం లేకుండా మైపాడు వాళ్ళు ఒప్పుకోరని హజరత్తయ్య అన్నాడు. చివరికి మీసం ఉంచేశారు.